జనవరిలో పెట్టిన గుడ్లు

మా నీహారిక ఉద్యోగం నిలవదని చేరిన రోజునే అనుకున్నాను. లోపల అనుకుని ఊరుకోలేక పైకి కూడా రెండుసార్లు అన్నాను.

ఎం.సి.ఏ. చదివిన పిల్ల. దాని తోటివాళ్ళంతా పొద్దున్నే సాగర్ రోడ్డు మీద బస్సెక్కి మాదాపూర్ వైపు వెళ్ళి, మెడలో కార్డులు వేసుకుని తిరుగుతున్న రోజులవి. రెండువేల అయిదు. మా వీధిలో కూరగాయలమ్మే సక్కుబాయి కూడా, "మీ బిడ్డ సాఫ్టువేరేనా అక్కా?" అని అడిగేది. ఇదేమో పదకొండు ఇంటర్వ్యూలకు వెళ్ళి వచ్చి, చివరికి ఇబ్రహీంపట్నంలోనే కోడిపిల్లల హ్యాచరీలో చేరింది. అక్కడ గుడ్ల లెక్క చూసే ప్రోగ్రాం రాయాలట. సక్కుబాయికి ఏం చెప్పాలో తెలియక, "అవును, సాఫ్టువేరే" అని వంకాయలు ఏరుకునేదాన్ని.

ఆ హ్యాచరీ రామచంద్రయ్య గారిది. లోపల బీరువాల్లాంటి పెద్ద యంత్రాలుంటాయి. వాటిని సెట్టర్లంటారు. వాటిలో ట్రేల నిండా గుడ్లు పెడితే, కోడి ముక్కుతో తిప్పినట్టు ఆ ట్రేలు అటూ ఇటూ ఒరుగుతూ పద్దెనిమిది రోజులు పొదుగుతాయి. ఆ తర్వాత గుడ్లను తీసి ఇంకో యంత్రంలోకి, ఒరగని బుట్టల్లోకి మార్చాలి. దాన్ని హ్యాచర్ అంటారు. అందులో మూడు రోజులుంటే పిల్లలవుతాయి. మార్చాల్సిన రోజు మార్చకపోతే, పెంకు పగలగొట్టుకున్న పిల్ల ట్రేల మధ్య ఇరుక్కుని చచ్చిపోతుంది. ఒక్కో విడతకు ఇరవై వేల గుడ్లు. ప్రతి సోమవారం ఒక విడత, శుక్రవారం ఒక విడత పెడతారు. ఒకే సెట్టర్లో నాలుగైదు తేదీల గుడ్లుంటాయి. ఏ ట్రే ఏ రోజుదో అక్కడ పెద్ద పనివాడు హాషం సుద్దముక్కతో గోడమీది బోర్డుపై గీతలు గీసి గుర్తుపెట్టుకునేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ బోర్డే. ఇప్పుడా బోర్డు పని మా అమ్మాయి ప్రోగ్రాం చెయ్యాలి.

రామచంద్రయ్య గారు ముందే మాట అనేశారు. "గిదొక్కటి చెప్తున్న బిడ్డా. నా గుడ్లు ఒక్క పాలి ఖరాబైతే ఆ మిషిన్‌ను మూటగట్టి అటక మీద పడేస్త. నువ్వు గూడ ఇంకో కొల్వు చూస్కో. మల్ల బాధపడొద్దు."

ఈ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు.

ప్రోగ్రాం తయారయ్యాక జూన్ ఆరో తేదీ సోమవారం మొదలుపెడతానంది. క్యాలెండరు చూశాను. అమావాస్య! "అమావాస్య పూట ఇరవై వేల ప్రాణాలు ఆ పెట్టె చేతిలో పెడతావా?" అని గొడవ చేశాను. మా ఆయన జోగారావు మోటార్ల వైండింగ్ షాపుకు బయల్దేరుతూ, "కంప్యూటర్‌కి అమావాస్య తెలీదే రత్నం" అన్నారు. "కంప్యూటర్‌కి తెలీదు, నాకు తెలుసు" అన్నాను. అంతటితో ఊరుకోక రామచంద్రయ్య గారి భార్య సుగుణమ్మ గారి చెవిన కూడా వేశాను. ఆవిడ నాకంటే రెండాకులు ఎక్కువే. చివరికి పదిహేడో తేదీ, శుక్రవారం దశమి, కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టారు. మొదట్లో కొన్నాళ్ళు బోర్డూ ఉంటుంది, కంప్యూటరూ ఉంటుంది, రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూద్దామన్నారు.

చెప్పాయి. పదిహేడో తేదీ గుడ్లను జూలై అయిదున మార్చమని బోర్డూ చెప్పింది, కంప్యూటర్ అచ్చువేసి ఇచ్చే కాగితమూ చెప్పింది. ఎనిమిదో తేదీ పొద్దునకల్లా పిల్లలు కిచకిచమన్నాయి. రామచంద్రయ్య గారు అక్కడికక్కడే బుచ్చిని పిలిచి, బోర్డు తడిగుడ్డతో తుడిపించేశారు. బుచ్చి అక్కడ ట్రేలు కడిగే మనిషి. "తుడ్వమంటె తుడుస్తగని సేటూ, మల్ల నన్ను అడగద్దు" అని సణుగుతూనే తుడిచిందట. హాషం ఏమీ అనలేదట. ఆ 'ఏమీ అనలేదు' అన్న మాటకే నా గుండె దడదడలాడింది.

నా దడకు కారణం తొమ్మిది రోజుల తర్వాత తెలిసింది.

జూలై పదిహేడు, ఆదివారం. వరండాలో కూర్చుని కందిపప్పు ఏరుతున్నాను. నీహారిక ఆఫీసు నుంచి పనికిరాని కాగితాలు తెచ్చి పడేస్తుంటుంది. అంచులు వంకరగా అచ్చయ్యాయనో, అక్షరాలు మసకగా వచ్చాయనో. వాటిలో ఒకటి పరుచుకుని దానిమీద పప్పు పోశాను. ఏరిన కొద్దీ కింద అక్షరాలు బయటపడుతున్నాయి. నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. కానీ గ్యాసు పుస్తకంలోనూ, క్యాలెండర్లోనూ ఇంగ్లీషు నెలల పేర్లు చూసీ చూసీ చదవడం వచ్చు. ఒక వరసలో ఇరవై వేలు, పక్కన ఏడు, జనవరి అని ఉంది.

"నీహా! మీ దగ్గర జనవరిలో పెట్టిన గుడ్లు ఇంకా ఉన్నాయా?"

తల దువ్వుకుంటూ లోపల్నించే అంది. "ఎక్కడైనా ఉంటాయా అమ్మా? ఇరవై ఒక్క రోజులకి పిల్లలైపోతాయి."

"మరి ఇక్కడ రాసుందే! ఇరవై వేల గుడ్లు ఆరు నెలల్నుంచి ఆ వేడిలో కుళ్ళుతుంటే ఇంకేమన్నా ఉందా? ఒక్కటి పేలినా చాలు, ఆ కంపుకి ఊరందరికీ కలరా వస్తుంది."

పేపరు చదువుకుంటున్న మా ఆయన, "పొద్దున నీ భయంలో నాదర్‌గుల్ ట్రైనింగ్ విమానం మనింటి మీద పడింది. ఇప్పుడు కలరా వచ్చింది. మధ్యాహ్నానికి భూకంపం చూసుకో" అన్నారు.

"మీరుండండి. ఇదిగో, దీని కింద ఏప్రిల్ ఏడు. ఆ కింద... ఇదేంటే, ఆగస్టు ఏడు, నవంబరు ఏడు అనుంది! ఈ ఏడాది ఆగస్టూ నవంబరూ ఇంకా రానే లేదు కదా?"

దువ్వెన కింద పడిన చప్పుడైంది. నీహారిక వచ్చి, పప్పంతా అరచేత్తో పక్కకు తోసి కాగితం లాక్కుంది. ముఖం సున్నం కొట్టినట్టయింది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి అలాగే నేలమీద కూలబడింది.

"అమ్మా, ఇది జనవరి ఏడు కాదు. జూలై ఒకటి."

నాకు అర్థం కాలేదు. ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. మనం రోజు ముందు రాసి నెల తర్వాత రాస్తాం. ఒకటి, గీత, ఏడు అంటే మనకి జూలై ఒకటి. ఆ కంప్యూటర్‌ను బిగించినవాడు అమెరికా వాళ్ళ పద్ధతే ఉంచేశాడు. వాళ్ళు నెల ముందు రాస్తారు. అందుకని మనం కొట్టిన ఒకటిని అది జనవరి అనుకుంది, ఏడును రోజు అనుకుంది. జూలై నాలుగు ఏప్రిల్ ఏడైంది, జూలై ఎనిమిది ఆగస్టు ఏడైంది. జూలై పదకొండు నవంబరు ఏడైంది.

"మరి జూన్‌లో బాగానే చెప్పిందిగా?"

"పదిహేడో నెల అని ఉండదు కదమ్మా. పన్నెండు దాటిన అంకెను నెల అనుకోవడానికి దానికి వీల్లేదు. అప్పుడు దానంతటదే మన దారిలోకి వస్తుంది. ప్రతి నెలా మొదటి పన్నెండు రోజుల్లోనే తప్పు. మనం మొదలుపెట్టిందే పదిహేడున. నెలాఖరు దాకా ఒక్క తప్పూ కనపడలేదు."

నాకు అమావాస్య గుర్తొచ్చింది. "ఆరో తేదీనే మొదలుపెట్టి ఉంటే?"

అది నావైపు చూడలేదు. "మొదటి పన్నెండు రోజుల్లో పెట్టిన గుడ్లు జూన్‌లోనే లెక్కలోకి వచ్చేవి. బోర్డు గోడమీద ఉండగానే తప్పు దొరికిపోయేది."

దశమి నేను పెట్టించిందే. ఆ ముక్క నన్నెవరూ అనలేదు. అనక్కర్లేదు కూడా.

ఒకటో తేదీ గుడ్లను పందొమ్మిదిన, అంటే ఎల్లుండి మంగళవారం మార్చాలి. ఆ రోజు కాగితం 'మార్చేవి లేవు' అని చెబుతుంది. ఆపైన శుక్రవారమూ అంతే, మళ్ళీ మంగళవారమూ, శుక్రవారమూ అంతే. నాలుగు విడతలు. ఎనభై వేల ప్రాణాలు.

"ఎవరికీ చెప్పకు" అన్నాను. "రేపు పొద్దున్నే వెళ్ళి గుట్టుగా సరిచేసెయ్యి."

"అంకెలు తిరగేసి సరిచెయ్యగలను. కానీ అది నిజమో కాదో గుడ్లు చూస్తేగానీ తెలీదు. గుడ్డు చూసి వయసు చెప్పగలిగేది హాషం భాయ్ ఒక్కడే. తప్పు నాదమ్మా, సార్‌కి నేనే చెప్తాను."

"చెబితే ఉద్యోగం పోతుందే!"

"చెప్పకపోతే ఎనభై వేల కోడిపిల్లలు పోతాయి."

దాన్ని ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు. చీర మార్చుకుని నేనూ ఆటో ఎక్కాను. దారి పొడుగునా ప్లాట్లు కొనండి, ప్లాట్లు కొనండి అని బోర్డులు. ఈ ఉద్యోగం పోతే ఇది మళ్ళీ ఇంటర్వ్యూలకు తిరగాలి, పన్నెండోసారీ పదమూడోసారీ కాదనిపించుకుని మంచం పడుతుంది. ఆటో గేటు ముందాగేసరికి నేను అక్కడిదాకా అనుకున్నాను.

గేటు దగ్గర మందునీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచి లోపలికి వెళ్ళాం. నీహారిక ఫోన్ చేస్తే రామచంద్రయ్య గారు సగం గడ్డం గీసుకున్న ముఖంతోనే వచ్చారు. అప్పటికే అంకెలు తిరగేసి కొత్త కాగితం తీసి పెట్టుకున్న నీహారిక, నిలబడి ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నేనేం చెప్పిన బిడ్డా నీకు మొదట్ల?"

"చెప్పారు సార్."

"గుడ్లు ఇంకా చావలేదు సేటూ" అన్నాడు హాషం. నెరిసిన గడ్డం, మెడలో టార్చి. "బోర్డు తుడ్వకు, జర ఆగుమని నేను మొత్తుకోలేదా?"

"నువ్వెప్పుడు మొత్తుకున్నవ్? నోరు మూస్కోని నిలబడ్డవ్!"

"మనసుల మొత్తుకున్న."

బుచ్చి కిసుక్కుమంది. రామచంద్రయ్య గారు దానివైపు ఒక చూపు చూసి హాషం వైపు తిరిగారు. "సరే. ఈ పిల్ల సక్కజేసిన అంటుంది. ఆ కాగితం నువ్వు చూడకు. గుడ్డును చూసి ఎన్ని దినాలో చెప్పు. కాగితం నేను పట్టుకుంట. ఒక్కటి తప్పినా గీ మిషిన్ ఇయ్యాల్నే మూటగడ్త."

సెట్టర్లోంచి బుచ్చి ఒక ట్రే తెచ్చింది. హాషం చీకటి గదిలోకి వెళ్ళి, గుడ్డు మొదలుకు టార్చి ఆనించి, పైకెత్తి చూశాడు. లోపలంతా నల్లగా నిండిపోయి, వెడల్పు వైపున గాలి ఉన్నచోట మాత్రం ఎర్రగా వెలుగు. ఆ నలుపులో ఏదో కదిలింది. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"పదిహేడో దినం" అన్నాడు.

రామచంద్రయ్య గారు కాగితం చూశారు. "ఇండ్ల పదహారని ఉంది! సక్కజేసిన తర్వాత గూడ తప్పేనా?"

"పదిహేడే. నా గడ్డం మీద ఒట్టు. పెట్టి పదిహేడో దినం."

నీహారిక కంప్యూటర్ దగ్గరకు పరుగెత్తింది. "ఎక్కడో ఒకటి తగ్గింది... ఒకటి కలపాలి... అన్నిటికీ ఒకటి కలిపేస్తాను సార్..." అంటోంది తనలో తను.

ఒకటి కలిపితే సరిపోతుందేమో అని ముందు నేనూ అనుకున్నాను. కానీ అన్నిటికీ కలిపేస్తే? మార్చాల్సిన రోజు కూడా ఒకరోజు ముందుకు వచ్చేస్తుంది. జూన్ గుడ్లకు సరిగ్గా చెప్పింది కదా ఈ లెక్కే! నాకు భయమెక్కువ. భయమెక్కువైనవాళ్ళం ఏదీ ఒకసారి లెక్కపెట్టి ఊరుకోం. మనసులో మళ్ళీ లెక్కపెట్టాను. జూలై ఒకటి శుక్రవారం. ఈరోజు ఆదివారం.

"ఆగవే! ముట్టుకోకు దాన్ని" అని అరిచాను. అందరూ నావైపు తిరిగారు. సిగ్గేసింది, కానీ నోరు తెరిచాక ఆగలేను. "హాషం అన్నయ్యా, గుడ్లు పెట్టిన రోజును మీరు ఎన్నో దినమంటారు?"

"ఒకటో దినం. ఇంకేమంటరు అక్కా?"

"మీ ఇంట్లో పిల్ల పుడితే ఏడో రోజు ఎట్లా లెక్కపెడతారు?"

"మా బిడ్డ ఫిజా శుక్రారం పుట్టింది. బేస్తారం నాడు ఏడో దినమని అకీకా చేసి పేరు పెట్టినం."

"శుక్రవారం నుంచి గురువారానికి గడిచింది ఆరు రోజులే కదా?"

హాషం వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. "అవ్... ఆరే."

"మేమూ అంతే. దీనికి పదకొండో రోజు పురుడు చేశాం. పుట్టిన రోజు కూడా కలుపుకునే పదకొండు. మనం పెట్టిన రోజును కూడా లెక్కలో వేసుకుంటాం. ఈ కంప్యూటర్ గడిచిన రోజులనే లెక్కపెడుతుంది. ఆయన పదిహేడో రోజన్నా, ఇది పదహారు రోజులైందన్నా ఒక్కటే సార్. ఇద్దరూ సరిగ్గానే చెప్పారు."

బుచ్చి పెదాలు కదుపుతూ వేళ్ళు లెక్కపెడుతోంది.

నీహారిక కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. "అవును సార్. అన్నిటిలోనూ హాషం భాయ్ చెప్పేది ఒకటి ఎక్కువ రావాలి. ఎక్కువ రాకపోతేనే తప్పు. చూడండి."

"ఇంకో ట్రే తే" అన్నారు రామచంద్రయ్య గారు.

హాషం టార్చి ఎత్తాడు. "పద్నాలుగో దినం."

"ఇండ్ల పదమూడు."

ఇంకో ట్రే. ఈసారి గుడ్డులో వెలుగు ఎక్కువ, మధ్యలో సాలెగూడులాంటి నరాలు. "పదో దినం."

"తొమ్మిది."

నాలుగోది చూడ్డానికి ఎక్కువసేపు పట్టింది. మూడు గుడ్లు మార్చి మార్చి చూశాడు. ఇక్కడ తప్పుతుంది, నాకు తెలుసు, ఇక్కడే తప్పుతుంది.

"ఏడో దినం. పక్కా."

రామచంద్రయ్య గారు కాగితం బుచ్చి ముందు పెట్టారు. "నువ్వే చూడు, ఎంతుందో."

"ఆరు!" అని బుచ్చి కేకేసింది. దానికి చదువు రాదు, అంకెలొచ్చు. "ఆరే ఉంది సేటూ! హాషం భాయ్ కండ్లూ, పిల్ల మిషినూ సరిసమానం!"

హాషం నవ్వాడు. "ఒక ఫరక్ ఉంది. నా కండ్లకు కరెంటు వద్దు."

రామచంద్రయ్య గారికి మాత్రం నవ్వు రాలేదు. "సరే, ఇయాల్టికి బతికినం. వచ్చే నెల మల్ల గిట్ల కాదని ఏం భరోసా?"

నీహారిక నోరు తెరిచేలోపు నేనే అన్నాను. "జనవరి అని కనిపిస్తే నేను అడిగినట్టు ఆ కంప్యూటర్ అడగదా సార్? ఇదేంటి, ఆరు నెలల కిందటి గుడ్లా అని? నవంబరు ఇంకా రాలేదు కదా అని? ఇంట్లో పప్పేరుకునేదాన్ని నేనడిగాను. అంత ఖరీదుపెట్టి కొన్నది, అది అడగొద్దా?"

నీహారిక నన్ను చూసిన ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. "అడిగిస్తాను" అంది. "అమ్మా, రేపు ఇక్కడే కూర్చో. నీకేమేం భయాలున్నాయో అన్నీ చెప్పు. ఒక్కటీ వదలకు."

ఇంతవరకూ నన్నెవరూ అలా అడిగింది లేదు. మరునాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని పక్కన కూర్చుని చెప్పాను. ఎవడో జూన్ ముప్ఫై ఒకటి అని కొడితే? లీపు సంవత్సరం వస్తే? కరెంటు పోయి పోయి లోపలి గడియారం ఆగిపోయి, ఈరోజును మొన్న అనుకుంటే? ఒకే ట్రేని ఇద్దరు రెండుసార్లు ఎక్కిస్తే? డిసెంబరు వెళ్ళి ఏడాది మారితే? ఒక్కోటి చెబుతుంటే ఒక్కోదానికి అది కాపలా పెట్టుకుంటూ పోయింది. తేదీ కొట్టే చోట మూడు గళ్ళు పెట్టింది. నెలను అంకెలో కొట్టనివ్వదు, పేరే ఎంచుకోవాలి. లోపల దాచుకునేటప్పుడు ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. అలా అయితే ఏ దేశం యంత్రమైనా తికమకపడదట. రేపటి తేదీ కొట్టినా, ఇరవై ఒక్క రోజులు దాటిన తేదీ కొట్టినా తీసుకోకుండా నిలదీస్తుంది. గడియారం నిన్నటికంటే వెనక్కి వెళ్ళి కనిపిస్తే, 'ఈరోజు తేదీ చూసి చెప్పండి' అని అడుగుతుంది, చెప్పేదాకా కాగితమే ఇవ్వదు.

హాషం తప్పుడు తేదీలు కొట్టి చూశాడు. తొమ్మిదిసార్లు కొడితే తొమ్మిదిసార్లూ కాదంది. "అరె, నీలెక్కనే పరేషాన్ చేస్తుంది గదక్కా!" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

మంగళవారం కాగితం ఒకటో తేదీ ట్రేల నంబర్లన్నీ వరసగా చెప్పింది. మధ్యాహ్నానికల్లా ఇరవై వేల గుడ్లూ బుట్టల్లోకి మారాయి. ఆ మూడు రోజులు నేను ఏమీ తినలేదని మా ఆయన అందరికీ చెప్పారు. అబద్ధం, పెరుగన్నం తిన్నాను.

శుక్రవారం పొద్దున్నే మేం ముగ్గురం వెళ్ళాం. షాపు తెరవడం మానుకుని మరీ ఆయనా వచ్చారు. రామచంద్రయ్య గారు, సుగుణమ్మ గారు అప్పటికే హ్యాచర్ ముందు నిలబడి ఉన్నారు. హాషం తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు.

"నువ్వు తియ్యి బిడ్డా."

నీహారిక తలుపు లాగింది. వెచ్చని గాలి ముఖానికి కొట్టింది. దాని వెనకే ఆ చప్పుడు! వాన పడినట్టు, వెయ్యి గజ్జెలు ఒక్కసారి ఆడించినట్టు, గది గోడలు అదిరిపోయేంత కిచకిచ. పై బుట్ట నుంచి కింద బుట్ట దాకా పసుపు రంగే. తడి ఆరి ఆరనివి, ఒకదాని మీద ఒకటి ఎక్కి మెడలు చాపి మమ్మల్ని చూస్తున్నాయి.

లెక్కపెట్టి పెట్టెలకెత్తేసరికి పదిన్నరైంది. ఇరవై వేలకు పదిహేడు వేల ఎనిమిది వందల చిల్లర. హాషం రెండోసారి కూడా లెక్క సరిచూసి, తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "ఈ ఏడు గిన్ని పిల్లలు ఏ విడతలా రాలే సేటూ!"

రామచంద్రయ్య గారు నీహారిక ముందుకొచ్చి నిలబడ్డారు. "కందుకూర్ల నాకు ఇంకో హ్యాచరీ ఉన్నది, ఎర్కేనా? సోమారం నుంచి ఆడ గూడ పెట్టు. ఆడి మనుషులు జర మొండోళ్ళు, చెప్పుకోవాలె." తర్వాత నావైపు తిరిగారు. "అమ్మా, నువ్వు గూడ పోవాలె. ఆడేమేం తప్పులైతయో ముందే భయపడి చెప్పనీకి."

సుగుణమ్మ గారు పకపకా నవ్వారు. మా ఆయన, "ఈవిడ భయాలకి కూడా ఉద్యోగం దొరికిందండీ" అన్నారు. ఎవరేమంటున్నా నాకు వినిపించలేదు. నా కళ్ళన్నీ నా కూతురి మీదే ఉన్నాయి. రెండు చేతుల్లో రెండు కోడిపిల్లల్ని పట్టుకుని, జుట్టంతా నూగుతో, ఆ గోలలో తన గొంతు వినపడాలని బుచ్చితో గట్టిగా అరిచి చెబుతోంది.

"ఒకటో తేదీవి బుచ్చక్కా! జూలై ఒకటోవి!"